ఓడిన ప్రతిసారీ ఒక్కడి మెడకేనా ఉరితాడు?

పిక్చరు ఫట్టుమంటే మీరు ముందుగా ఎవర్ని తిడతారు? నిజం చెప్పండి! కథ వ్రాసినవాణ్ణా, తీసినవాణ్ణా, డబ్బు పెట్టినవాణ్ణా? అబ్బే, వాళ్ళ మొహాలు మనకి గుర్తుండవు. పోస్టరు మీద మొహం ఎవరిదైతే వుందో వాడికే అక్షింతలు. హాల్లోంచి బండి స్టాండు దాకా నడిచే ఆ రెండు నిమిషాల్లోనే తీర్పు చెప్పేసి, కిక్కు కొట్టి ఇంటికి పోతాం.

మాచ్ ఓడినా అదే వరస. పదకొండు మంది ఆడతారు, పదిమంది ఇళ్ళకి పోతారు, ఒకడు మాత్రం బోనెక్కుతాడు.

ఈ వారం సినిమా కబుర్లు కాస్త తగ్గించి క్రికెట్టు కబురు చెప్తాను. కోపగించుకోకండి. ఇందులోనూ హీరో వున్నాడు, విలన్ వున్నాడు, మధ్యలో వాన వుంది, కన్నీళ్ళున్నాయి. పైగా హీరో, విలన్ యిద్దరూ మన గుంటూరు జిల్లా వాళ్ళే! అసలు విలన్ వున్నాడా లేడా అన్నదే ఈ వారం తగువు.

నేను పత్రికలకి విడిగా వ్రాసుకుని బతికేవాణ్ణి. సినిమా వాళ్ళ వెంట ఎంత తిరుగుతానో, మిర్చి ధరల కోసం గుంటూరు యార్డు చుట్టూ అంతే తిరుగుతాను. యార్డు దగ్గర టీ కొట్లలో 2019 ప్రపంచకప్ సెమీఫైనల్ ఇంకా ముగియలేదు. టిక్కీలు దించి వచ్చిన కుర్రాళ్ళు గ్లాసు పట్టుకోగానే మొదలు.

“రాయుడు ఆడుంటే కప్పు మనదేనన్నా! ఆయనగారు పక్కనబెట్టి కొంప ముంచాడు.”

“అదేందిరా, ప్రసాద్ గారు మాత్రం మనోడు కాదా?”

“మనోడైతే మాత్రం? మనోడే మనోడికి అన్నం పెట్టకపోతే ఇంకెవరు పెడతారు?”

చూశారా! ఓటమి పదిహేను మందిది. కోచ్‌దీ, సెలక్టర్లదీ కూడా. కానీ కేసు మాత్రం ఒక్కరి మీదే. సెలక్షన్ కమిటీ ఛైర్మన్ ఎం.ఎస్.కె. ప్రసాద్ మీద. కొందరి కోర్టులో ముద్దాయి పేరు మారి ధోనీ అవుతుంది, అంతే తేడా. ముద్దాయి మాత్రం ఎప్పుడూ ఒక్కడే.

ఫ్లాష్‌బ్యాక్

తగువు తీర్చే ముందు కథ తెలియాలి కదా. తేదీలతో సహా చెప్తాను, వినండి.

అంబటి రాయుడు 1985లో గుంటూరులో పుట్టాడు. ప్రసాద్‌ది గుంటూరు పక్కనే మేడికొండూరు. ఒకరు బాట్స్‌మన్, ఒకరు వికెట్‌కీపర్. ప్రసాద్ దేశం తరఫున 6 టెస్టులు, 17 వన్డేలు ఆడాడు. 1999–2000లో ఆస్ట్రేలియాలో మనవాళ్ళు మూడు టెస్టులకి మూడూ ఓడిన పర్యటనలో కీపర్ ఆయనే. ఆ తర్వాత మళ్ళీ టెస్టు ఆడలేదు. 2016లో సెలక్షన్ కమిటీకి ఛైర్మన్ అయ్యాడు. “ఆరు టెస్టులు ఆడినవాడు వీళ్ళందర్నీ ఎంపిక చేస్తాడా” అని వెక్కిరించినవాళ్ళు ఆ రోజు నుంచే వున్నారు.

ఇక రాయుడు. వన్డే జట్టులో నాలుగో స్థానం ఎవరిది అన్నది 2015 ప్రపంచకప్ తర్వాత మనకి తెగని ప్రశ్న అయి కూర్చుంది. ఎంతోమందిని పెట్టి చూశారు. 2018 అక్టోబర్‌లో ముంబై బ్రబోర్న్ స్టేడియంలో వెస్టిండీస్ మీద రాయుడు సెంచరీ కొట్టాడు. ఇతన్ని ప్రపంచకప్ దాకా వెనక వుండి నడిపించాలి అన్న ధోరణిలో ఆ రోజుల్లో కాప్టెన్ కోహ్లీ మాట్లాడాడు. 2019 ఫిబ్రవరి 3న వెల్లింగ్టన్‌లో న్యూజిలాండ్ మీద మన స్కోరు 18కి 4 వికెట్లు. రాయుడు నిలబడి 90 కొట్టాడు. జట్టు 252 చేసింది, 35 పరుగులతో గెలిచింది. ఇంకేముంది, సీటు ఖాయం అనుకున్నాం.

మార్చి వచ్చింది. సొంతగడ్డ మీద ఆస్ట్రేలియాతో సిరీస్. రాయుడు మూడు మాచ్‌ల్లో చేసినవి 13, 18, 2. ఏప్రిల్ 15న ప్రపంచకప్ జట్టు ప్రకటించారు. రాయుడి పేరు లేదు, విజయ్ శంకర్ పేరుంది. ఎందుకయ్యా అంటే, శంకర్ బాటింగు, బౌలింగు, ఫీల్డింగు మూడూ చేస్తాడు, మూడు కోణాల మనిషి అని ప్రసాద్ చెప్పాడు. మర్నాడు రాయుడు ట్విట్టర్‌లో, ప్రపంచకప్ చూడ్డానికి కొత్త త్రీడీ కళ్ళజోడు ఆర్డరిచ్చాను అని చురక వేశాడు. దేశమంతా నవ్వింది. గుంటూరు మాత్రం రెండుగా చీలింది.

సినిమా చిత్రం చూడండి! ఆ చురక పడిన మూడోరోజున, ఏప్రిల్ 19న, నాని ‘జెర్సీ’ విడుదలైంది. జట్టులో చోటు దక్కక బాటు పక్కన పెట్టేసి, 36 ఏళ్ళ వయసులో మళ్ళీ పట్టుకున్న క్రికెటరు కథ. హాల్లో మనమంతా అర్జున్ పక్షం. కన్నీళ్ళు తుడుచుకుంటూ బయటికొచ్చి ఫోను తీస్తే అక్కడ రాయుడి వార్త! తెర మీద కథా బయటి కథా కలిసిపోయాయి. ఎంపిక కానివాడి కథ తీస్తే జనం ఏడుస్తారు. ఎంపిక చేసేవాడి కథ ఎవరూ తియ్యరు, తీసినా ఎవరూ చూడరు.

ప్రపంచకప్ మొదలయ్యాక శిఖర్ ధావన్ బొటనవేలికి దెబ్బ తగిలి ఇంటికొచ్చాడు. రిషభ్ పంత్ వెళ్ళాడు. విజయ్ శంకర్ కాలివేలికి దెబ్బ తగిలింది. అదనపు జాబితాలో పేరున్న రాయుణ్ణి ఈసారి పిలుస్తారనుకున్నాం. అప్పటిదాకా ఒక్క వన్డే కూడా ఆడని మయాంక్ అగర్వాల్‌ని పిలిచారు. జులై 3న రాయుడు క్రికెట్టుకే దణ్ణం పెట్టేశాడు.

సరిగ్గా వారం తిరిగేసరికి మనం ఓడిపోయాం.

కోర్టు సీను

జులై 9, 10. మాంచెస్టర్, ఓల్డ్ ట్రాఫర్డ్. మొదటిరోజు న్యూజిలాండ్ 46.1 ఓవర్లలో 5 వికెట్లకి 211 దగ్గర వుండగా వాన. మిగతా ఆట మర్నాటికి పడింది. వాళ్ళు 8 వికెట్లకి 239 చేశారు. మనం 49.3 ఓవర్లలో 221కి ఆలౌటు. తేడా 18 పరుగులు.

ఇప్పుడు ముద్దాయిల్ని ఒక్కొక్కరినే పిలుద్దాం. జడ్జీలు మీరే. నేను బంట్రోతుని మాత్రమే.

మొదటి ముద్దాయి, ప్రసాద్. ఆయన కమిటీలో దేవాంగ్ గాంధీ, శరణ్‌దీప్ సింగ్, జతిన్ పరాంజపే, గగన్ ఖోడా కూడా వున్నారు. అయిదు చేతులు ఎత్తితే ఒక్క చెయ్యే కనబడిందా మనకి? కాప్టెన్, కోచ్‌ల మాట కూడా జట్టు ఎంపికలో వుంటుంది. ధావన్ వేలు విరగ్గొట్టింది ప్రసాద్ కాదు, శంకర్ కాలికి దెబ్బ తగిలించిందీ ఆయన కాదు. అయితే ఆయన్ని పూర్తిగా విడిచిపెట్టమని నేననను. అదనపు జాబితాలో ఒకణ్ణి వ్రాసుకుని, ఖాళీ వచ్చినప్పుడు జాబితాలో లేనివాణ్ణి పిలవడం ఆయన కమిటీ చేసిన పనే. దానికి జవాబుదారీ ఆ కమిటీదే. ఆ ‘మూడు కోణాల’ మాట రాయుడికి ఎక్కడ గుచ్చుకుందో మనం చూశాం. ఈ రెండూ ఆయన పద్దులో వ్రాసుకోండి. కానీ 18 పరుగులూ ఆయన పద్దులో వ్రాయడం న్యాయమేనా?

రెండో ముద్దాయి, పై వరస బాట్స్‌మన్లు. రోహిత్ శర్మ 1, రాహుల్ 1, కోహ్లీ 1. టెలిఫోను నంబరులో అంకెల్లాగా లేదూ! స్కోరు 5కి 3 వికెట్లు. కాసేపటికి దినేశ్ కార్తీక్ 25 బంతులాడి 6 చేసి వెళ్ళాడు, 24కి 4. మరి రోహిత్‌ని ఉరి తీద్దామా? అదే ప్రపంచకప్‌లో అతనివి అయిదు సెంచరీలు, 648 పరుగులు. మనల్ని సెమీఫైనల్ దాకా మోసుకొచ్చిన భుజం అది. గడప దగ్గర తడబడింది. మోసినప్పుడు చప్పట్లు కొట్టినవాళ్ళం, తడబడినప్పుడు రాళ్ళేస్తామా?

మూడో ముద్దాయి, ధోనీ. 72 బంతుల్లో 50. “నిదానంగా ఆడి ముంచాడు” అన్నది ఫిర్యాదు. ఏడో స్థానంలో పంపారు. అది జట్టు నిర్ణయమని తర్వాత కోచ్ రవిశాస్త్రి చెప్పాడు. అతనొచ్చాక స్కోరు 92కి 6 అయింది. అక్కణ్ణించి జడేజాతో కలిసి 116 పరుగులు జోడించాడు. జడేజా 59 బంతుల్లో 77. ఈ యిద్దరూ లేకపోతే మన ఓటమి తేడా 18 కాదు, నూరు దాటి వుండేది. మునిగిన పడవని ఒడ్డు దాకా ఈదుకుంటూ లాక్కొచ్చినవాణ్ణి, ఒడ్డెక్కించలేదని కొడతామా?

నాలుగో ముద్దాయి పేరు చెప్తే మీరు ఆశ్చర్యపోతారు. న్యూజిలాండ్!

అవునండీ. టీ కొట్టు తగువులో ఇన్నేళ్ళుగా ఎవరి నోటా రాని పేరిది. మాట్ హెన్రీ కొత్తబంతితో నిప్పులు కక్కి 37 పరుగులకి 3 వికెట్లు తీశాడు. మాచ్‌లో ఉత్తమ ఆటగాడు అతనే. శాంట్నర్ 34కి 2 తీసి మధ్యలో గొంతు నొక్కాడు. విలియమ్సన్ 67, టేలర్ 74 కష్టమైన పిచ్ మీద ఓపిగ్గా కూడబెట్టారు. 49వ ఓవర్లో గప్టిల్ దూరం నుంచి విసిరిన బంతి నేరుగా వికెట్లని తాకి ధోనీని రనౌట్ చేసింది. అది అతని గురి, అతని సాధన. మనం ఎంతసేపూ “మనోడు చెడగొట్టాడు” అంటామే తప్ప “వాళ్ళు బాగా ఆడారు” అనం. ఒక్కణ్ణి నిందించడంలో వున్న పెద్ద అన్యాయం ఇదే. మనవాడికి లేని తప్పు అంటగడతాం, అవతలివాడికి వున్న గొప్ప ఎగ్గొడతాం. ఒకే దెబ్బకి రెండు అబద్ధాలు!

“ఇవన్నీ సరే అన్నా, రాయుడు వుంటే గెలిచేవాళ్ళమా లేదా, అది చెప్పు” అంటారు. వెల్లింగ్టన్‌లో ఇదే జట్టు మీద 18కి 4 నుంచి లాగాడు గనక నిలబెట్టేవాడు అనడానికి ఆధారం వుంది. మార్చిలో మూడు మాచ్‌ల్లో 33 పరుగులే చేశాడు గనక హెన్రీ బంతికి అతనూ వెళ్ళిపోయేవాడు అనడానికీ ఆధారం వుంది. రెండూ ఒకే పుస్తకంలో పేజీలు. అతనికి అన్యాయం జరిగిందా అన్నది ఒక ప్రశ్న. ఆ అన్యాయం వల్లే ఓడామా అన్నది వేరే ప్రశ్న. 55 వన్డేల్లో 1694 పరుగులు, సగటు 47 దాటిన మనిషికి చోటు ఇవ్వాల్సిందని నేనూ అంటాను. కానీ మొదటి ప్రశ్నకి అవునన్నంత మాత్రాన రెండోదానికీ అవునని వ్రాసెయ్యడం కుదరదు. మన తగువంతా ఈ రెంటినీ కలిపి ముడెయ్యడంలోనే వుంది.

ఐరన్ లెగ్గు

మళ్ళీ మన సినిమాకొద్దాం. ఈ జబ్బుకి మన దగ్గరున్న పేరు ఐరన్ లెగ్. పాపం ఆ అమ్మాయికి కథ చెప్పింది పది నిమిషాలు. షూటింగుకి వచ్చింది ఇరవై రోజులు. స్క్రీన్‌ప్లే ఆమెది కాదు, ఎడిటింగు ఆమెది కాదు. గుంటూరు ఏరియాకి తాహతు మించి రేటు పెట్టి కొన్న డిస్ట్రిబ్యూటరు లెక్క ఆమెది కాదు. పిక్చరు పడుకుంటే మాత్రం కాలు ఆమెది! శ్రుతిహాసన్‌ని ఐరన్ లెగ్ అన్న నోళ్ళే 2012లో ‘గబ్బర్ సింగ్’ ఆడగానే గోల్డెన్ లెగ్ అన్నాయి. కాళ్ళు అవేగా! ఇనుము బంగారమయ్యే విద్య మన పరిశ్రమలో తప్ప ఎక్కడా లేదు.

ఇది మన ఒక్కళ్ళ రోగమే అనుకోకండి. అమెరికా కాలేజీ కుర్రాళ్ళు ఆడే ఫుట్‌బాల్‌లో క్వార్టర్‌బ్యాక్ అని ఒకడుంటాడు. తమ జట్టు దాడికొచ్చినప్పుడల్లా బంతి ముందు వాడి చేతికే వస్తుంది. గెలిస్తే బొమ్మ వాడిది, ఓడితే బూతు వాడిది. ముందు నిలబడి కాపాడాల్సినవాళ్ళు కాపాడకపోయినా, విసిరింది అందుకోవాల్సినవాడు జారవిడిచినా, అవతలి జట్టుకి తమవాళ్ళే పాయింట్లు ధారపోసినా, కుర్చీలో కూర్చున్న పెద్దమనిషి చూసేది వాడి మొహమే.

బ్రెజిల్ కథ ఇంకా ఘోరం. 1950 జులై 16న రియోలో, తమ మారకానా మైదానంలో, డ్రా చేసుకున్నా ప్రపంచకప్ వాళ్ళదే అయ్యే ఆటలో ఉరుగ్వే చేతిలో 2–1తో ఓడారు. రెండో గోలు గోల్‌కీపర్ బార్బోసా పక్కనుంచి వెళ్ళింది. అంతే, దేశమంతా అతని మీద పడింది. ముందుగా ఒక గోలు కొట్టి కూడా నిలబెట్టుకోలేకపోయిన మిగతా పదిమందినీ మెల్లగా మర్చిపోయారు. బార్బోసాని మాత్రం 2000లో పోయేదాకా మర్చిపోలేదు. మా దేశంలో ఎంత నేరానికైనా పెద్ద శిక్ష ముప్ఫై ఏళ్ళే, నేను యాభై ఏళ్ళు అనుభవించాను అన్న అర్థంలో చివరి రోజుల్లో ఆయన వాపోయాడు.

మనకీ ఒక బార్బోసా వుండేవాడు. మీ నాన్నగార్నో బాబాయినో అడగండి, చేతన్ శర్మ పేరు చెప్తే పళ్ళు కొరుకుతారు. 1986 ఏప్రిల్ 18, షార్జా. ఆఖరి బంతికి పాకిస్తాన్‌కి 4 కావాలి. చేతన్ వేసింది ఫుల్‌టాస్ అయింది, మియాందాద్ సిక్సరు కొట్టాడు. అదే మాచ్‌లో చేతన్ మూడు వికెట్లు తీశాడని ఎవరికైనా గుర్తుందా? 116 కొట్టి నాటౌట్‌గా నిలిచిన మియాందాద్‌ని అంతకుముందు ఎవరూ అవుట్ చెయ్యలేకపోయారని గుర్తుందా? మర్నాటి ఏడాది, 1987 ప్రపంచకప్‌లో, నాగపూర్‌లో న్యూజిలాండ్ మీద హాట్రిక్ తీసి, ప్రపంచకప్ చరిత్రలోనే మొదటి హాట్రిక్ వీరుడయ్యాడు. అయినా ఆ ఒక్క బంతి అతన్ని వదల్లేదు. ఆఖరి బంతి అందరి కళ్ళలోనూ వుంటుంది. మొదటి 99 ఓవర్లు ఎవరి కళ్ళలోనూ వుండవు.

ఇంటిదాకా వచ్చిన ఆట

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఈ అలవాటు మైదానంలో ఆగదు. మన ఇళ్ళలోకి వస్తుంది.

సంక్రాంతికి మన పల్లెల్లో టెన్నిస్ బంతి టోర్నమెంట్లు జరుగుతాయి కదా. నేను కప్పులిచ్చే రోజున వార్త కోసం వెళ్తుంటాను. చిలకలూరిపేట దాటాక ఒక వూళ్ళో ఆఖరి ఓవరు వేసిన కుర్రాడొకడు మూడు సిక్సర్లు ఇచ్చుకున్నాడు. ఇంటర్ చదువుతున్నాడు. ఆ రాత్రికే వాట్సాప్‌లో వాడి ఫోటోకి దండ వేసి పెట్టారు, స్నేహితులే! నాలుగు కాచ్‌లు నేలపాలు చేసిన పెద్దవాళ్ళు కూడా ఆ బొమ్మ చూసి నవ్వారు. మర్నాడు నేను అడిగితే వాళ్ళ అన్న చెప్పాడు, “వాడు ఇంక బంతి ముట్టుకోనంటున్నాడన్నా, కాలేజీకి కూడా పోనంటున్నాడు” అని. పదిహేడేళ్ళ కుర్రాడు! వూరి ఓటమినంతా ఒక్కడే మొయ్యగలడా?

ఇంకో మాట. ఇది నవ్వుతూ చెప్పేది కాదు. మనది పత్తీ మిర్చీ పండే నేల. 1980ల్లో తెల్లదోమ వచ్చి గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తిని పీల్చేసింది. 2021–22లో నల్ల తామరపురుగు వచ్చి మిరప పూతని తినేసింది. ఎకరాలకెకరాలు పీకేసినవాళ్ళున్నారు. పంట పోతే కారణాలెన్ని! పురుగు, వాన, విత్తనం, పనిచెయ్యని మందు, అప్పు మీద వడ్డీ, కౌలు, యార్డులో ధర. కానీ ఇంట్లో, బంధువుల్లో, రచ్చబండ మీద మాట పడేది ఎవరు? ఆ రైతు ఒక్కడే. “నీకు చేతకాలేదు, నువ్వే టైముకి మందు కొట్టలేదు.” పదిమంది నోట పదిసార్లు విన్నాక ఆ మనిషీ నమ్మేస్తాడు, అంతా నా తప్పే అని. అలా నమ్మినవాళ్ళలో కొందరు, పురుగు కోసం తెచ్చిన మందు తామే తాగారు. ఈ నేల మీద పుట్టినవాళ్ళకి ఇది ఒకరు చెప్పక్కర్లేదు.

అందుకే ఒక్కడి మీద మొత్తం నింద వెయ్యడం నాకు సరదా ఆటగా కనబడదు. ఆటలో అలవాటైన నోరు ఇంట్లో ఆగదు.

మరి తప్పు ఎవరిదీ కాదా?

“బాగుందండీ, అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాయం అన్నట్టుంది మీ తీర్పు” అని మీలో తెలివైనవాళ్ళు అడుగుతారు. అడగాలి కూడా! ఇంకో గట్టి ప్రశ్న కూడా వుంది. హిట్టయితే కటౌటుకి పాలాభిషేకం చేయించుకునేవాడు, కోట్లు తీసుకునేవాడు, ఫట్టయితే నింద మాత్రం పంచుకుందాం రండి అంటే ఎట్లా? పేరు ఒక్కడిదైనప్పుడు చెడ్డపేరూ ఒక్కడిదే కావాలి కదా?

ప్రశ్నలో న్యాయం వుంది. నా జవాబు ఇది. పెద్ద కుర్చీలో కూర్చున్నవాడి వాటా పెద్దదే. కాప్టెన్, హీరో, డైరెక్టరు, ఛైర్మన్, ఎవరైనా సరే. కానీ పెద్ద వాటా వేరు, మొత్తం ఆస్తి వేరు. మనం పొగిడేటప్పుడు లెక్క తప్పి పొగిడాం గనక, తిట్టేటప్పుడూ లెక్క తప్పి తిడతామంటే రెండు తప్పులవుతాయి గానీ ఒక ఒప్పు కాదు. పైగా అందరికీ పొగడ్త కూడా దక్కదు. ఇదే ప్రసాద్ కమిటీ ఎంపిక చేసిన జట్టు 2018–19లో ఆస్ట్రేలియాలో 2–1తో టెస్టు సిరీస్ గెలిచింది. 1947–48లో మొదటిసారి అక్కడికి వెళ్ళిన 71 ఏళ్ళకి అదే మొదటి గెలుపు! అప్పుడు మేడికొండూరులో కటౌటు కట్టి పాలు పోసినవాళ్ళు ఎవరైనా వున్నారా? గెలుపులో వాటా ఇవ్వని మనిషికి ఓటమి మొత్తం వ్రాసివ్వడం ఏ వూరి పంపకం?

నేను వాడే కొలబద్ద చెప్తాను, నచ్చితే వాడండి. తీర్పు చెప్పబోయే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఒకటి, ఆ సమయంలో ఆ మనిషి చేతిలో వున్నదేమిటి? రెండు, అతని చేతిలో లేనిది ఎవరి చేతిలో వుంది? మూడు, అవతలివాడు బాగా చేసిందేమిటి? ఈ మూడింటికీ జవాబు వ్రాసుకున్నాక తిట్టండి, నేనే మైకు తెచ్చిస్తాను. సెలక్టరుని జట్టు ఎంపిక గురించి నిలదియ్యండి. బాట్స్‌మన్‌ని ఆడిన షాటు గురించి అడగండి. కోచ్‌ని ఎవర్ని ఎప్పుడు పంపాడని అడగండి. అప్పుడు ప్రతివాడూ తన పనికి జవాబు చెప్పాల్సి వస్తుంది. ఒక్కణ్ణే బోనెక్కిస్తే లాభం ఎవరికో తెలుసా? మిగతా పదిమందికి! వాళ్ళు చల్లగా జారుకుంటారు, మళ్ళీ మాచ్‌లో అదే తప్పు చేస్తారు.

క్లైమాక్సు

రాయుడి కథ జులై 3తో ముగియలేదు. 2019 ఆగస్టు ఆఖర్లో మనసు మార్చుకుని తిరిగొచ్చాడు. భారత జట్టులోకి మళ్ళీ పిలుపు రాలేదు గానీ ఐపీఎల్‌లో ఆడాడు. 2023 మే నెలాఖరున అహ్మదాబాద్ ఫైనల్ అతని ఆఖరి ఐపీఎల్ మాచ్. చెన్నై తరఫున 8 బంతుల్లో 19 కొట్టాడు. చివరి రెండు బంతులకి 10 కావాల్సి వుండగా జడేజా సిక్సరు, ఫోరు కొట్టి గెలిపించాడు. కప్పు అందుకునే వేళ ధోనీ తాను వెనక్కి తగ్గి రాయుణ్ణీ జడేజానీ ముందుకు పిలిచాడు. రాయుడికి అది ఆరో ఐపీఎల్ టైటిల్. మాంచెస్టర్‌లో ఒంటరిగా పోరాడిన యిద్దరూ, మాంచెస్టర్‌కి వెళ్ళనివ్వని ఒకడూ, ముగ్గురూ ఒకే కప్పు దగ్గర! ఇంతకన్నా మంచి క్లైమాక్సు ఏ రైటరు వ్రాస్తాడు?

గుంటూరులో ఆ రాత్రి టపాకాయలు కాల్చినవాళ్ళలో మీరూ వుండే వుంటారు. తప్పులేదు.

కానీ ఆ చివరి రెండు బంతులు వేసింది ఎవరో గుర్తుందా? గుజరాత్ బౌలర్ మోహిత్ శర్మ. అదే మాచ్‌లో రహానే, రాయుడు, ధోనీ ముగ్గురినీ అవుట్ చేసింది అతనే. రాయుణ్ణీ ధోనీనీ అయితే వరస బంతుల్లో పంపాడు. ఆఖరి ఓవర్లో మొదటి నాలుగు బంతులకి 3 పరుగులే ఇచ్చాడు. తర్వాతి రెండు బంతులు జడేజావి.

చెప్పండి మరి, గుజరాత్ ఓడింది మోహిత్ ఒక్కడి వల్లేనా?